నాచారంలో మట్కా మాన్పించిన విధం

1973 జూన్ 10, ఆదివారం

మా బావ సైకిల్ పోయింది. దొంగలు ఎత్తుకుపోలేదు, మట్కా ఎత్తుకుపోయింది. దానికి కారకుడు పాన్‌డబ్బా మొగులయ్య. ఈ అన్యాయాన్ని నేను, అనగా పాండురంగ, మల్లాపూర్ వర్క్‌షాపులో స్టోర్స్ అటెండరును, తీవ్రంగా ఖండిస్తున్నాను.

సంగతి ఇది. రోజూ సాయంత్రం బొంబాయిలో ఎవడో కుండలోంచి చీటీ తీస్తాడు. సున్న నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె. అది టెలిఫోన్‌లో ఉప్పల్‌కు వచ్చి, ఉప్పల్ నుంచి సైకిల్ మీద నాచారం వచ్చి, మొగులయ్య నోట్లోంచి బయటపడుతుంది. కట్టిన అంకె వస్తే రూపాయికి తొమ్మిది. రాకపోతే రూపాయి గోవిందా. మా బావ సిద్దయ్యకు నాలుగు నెలలుగా గోవిందా. నిన్న సైకిల్‌ను ఉప్పల్‌లో సేఠ్ దగ్గర కుదువ పెట్టి ఆ డబ్బూ కట్టాడు.

పొలం ఫ్యాక్టరీల కింద పోయాక అక్కా బావలకు మిగిలింది బర్రెలు. పాలన్నీ హబ్సిగూడలో సైంటిస్టుల క్వార్టర్లకే పోతాయి. వాళ్ల కాఫీ నీళ్లు మరిగేలోపు పాలు చేరాలి. సైకిల్ లేకపోతే చేరవు. చేరకపోతే వాళ్లు డెయిరీ సీసాలు కొనుక్కుంటారు. అప్పుడు మా ఇంటి పొయ్యి సంగతి ఏమిటి?

తీర్మానాలు:
ఒకటి. నాచారం జూద నిర్మూలన యువజన సంఘం ఈరోజే స్థాపించడమైనది. కార్యదర్శి: నేను. అధ్యక్షుడు, సభ్యులు: వెతకాలి.
రెండు. రోజూ ఒక గోడపత్రిక.
మూడు. రెండు నెలల్లో నాచారంలో మట్కా ఉండదు.
నాలుగు. నేను మట్కా ఆడను. (ఇది రాయనక్కర్లేదు. మూడే ఉంటే వెలితిగా ఉందని రాశాను.)

అక్కకు చదివి వినిపించాను.

“సైకిల్ ఎప్పుడొస్తది?” అంది.

“ముందుగాల వ్యవస్థ మారాలె అక్కా.”

“అది మారేదాంక పాలు నెత్తి మీద మోయాల్నా?”

మా ఐలమ్మక్కకు ఇంకా చైతన్యం రాలేదు.

జూన్ 11

మొదటి గోడపత్రిక. పాత క్యాలెండరు వెనకవైపు, ఎర్ర సిరాతో. మొగులయ్య డబ్బాకు సరిగ్గా ఎదురుగోడ మీద అంటించాను. “పదిమంది కడితే 9 మంది మునుగుతారు. 9 ఇళ్లలో పొయ్యి వెలగదు. 9 మంది కన్నీళ్లతో ఒకడి పాన్‌డబ్బా నడుస్తుంది.” తొమ్మిదిని జానెడు ఎత్తున రాశాను. దూరం నుంచి కూడా కనిపించాలి కదా.

జూన్ 12

జనం. గోడ ముందు జనం. షిఫ్టు దిగినవాళ్లు ఆగి ఆగి చదివారు. ఒకతను బీడీకట్ట మీద రాసుకున్నాడు కూడా. ప్రజల్లో ఇంత దాహం ఉందని నేననుకోలేదు.

మొగులయ్య స్వయంగా పిలిచాడు.

“మస్తు రాసినవ్ తమ్మీ. రోజు రాయి. కాగితం తక్కువైతే నన్నడుగు.”

పాన్ కట్టిచ్చాడు, పైసలు తీసుకోలేదు. శత్రువు ఒక్కరోజులో లొంగిపోతాడని నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. నేనే ఒకటి రాయాల్సి ఉంటుంది.

జూన్ 13

తొమ్మిది వచ్చింది.

గోడపత్రిక చదివినవాళ్లంతా తొమ్మిది మీదే కట్టారట. పని నుంచి వస్తుంటే నలుగురు పట్టుకుని భుజాల మీదకు ఎత్తారు. దింపండిరా అని అరిచినా దింపలేదు. మా బావ కూడా ఆ నలుగురిలో ఉన్నాడు.

ఇంటికొచ్చి బావను నిలదీశాను.

“నీకు సదువొచ్చు గద బావా. నేనేం రాసిన, మీరేం జేసిన్రు?”

“గంత పెద్దగ, ఎర్రగ తొమ్మిది రాసి, వద్దు వద్దు అంటే ఎవనికైనా ఏమనిపిస్తది? పాపం, చెప్పలేక చెప్తున్నడనిపిస్తది.”

బావకు పద్దెనిమిది రూపాయలొచ్చాయి. సైకిల్ విడిపించమన్నాను. ఇంకొంచెం కానీయమన్నాడు.

జూన్ 15

బావ పద్దెనిమిదీ పోయాయి.

ఇకమీదట గోడపత్రికలో అంకెలు నిషేధం. ఈరోజు ఒక్క వాక్యమే రాశాను: “కష్టజీవీ, కళ్లు తెరువు.”

అక్షరాలు లెక్కపెట్టుకుని మళ్లీ తొమ్మిది కట్టారు. వచ్చింది రెండు. కనీసం ఇప్పుడైనా బుద్ధి వచ్చిందా అని అడగడానికి పోయాను. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు.

“కళ్లు తెరువు అన్నవ్ గదా. కళ్లు రెండే గదా. సక్కగ చెప్పినవ్, మాకే సమజ్ గాలె. మాదే తప్పు తమ్మీ.”

జూన్ 17

బాలనర్సమ్మ అవ్వ ఇంటికొచ్చి కాళ్ల మీద పడబోయింది. “నీ నోట్లె ఏదో ఉంది బిడ్డా. మా పోరని కోసం ఒక్క అంకె జెప్పు.” దోపిడీ గురించి, మూఢనమ్మకాల గురించి గంటసేపు చెప్పాను. బుద్ధిగా విన్నది. బయటికి పోయాక పక్కింటావిడతో అంటుంటే వినబడింది, నేను ఐదుసార్లు దగ్గానట.

ఆమె వెళ్లాక అద్దంలో నోరు చూసుకున్నాను. మామూలుగానే ఉంది.

జూన్ 20

పొద్దున లేవగానే ఎందుకో నాలుగు అనిపించింది. సాయంత్రం నాలుగే వచ్చింది.

నేను కట్టలేదు. కట్టి ఉంటే ఎంత వచ్చేదన్న ఆలోచన కూడా రాలేదు. భోజనం చేస్తున్నప్పుడు రాలేదు, పడుకున్నప్పుడూ రాలేదు.

జూన్ 22

ఆచరణలో పరీక్షించని సిద్ధాంతం పనికిరాదని ఎక్కడో చదివాను. మట్కా మోసమని నిరూపించాలంటే వివరాలు సేకరించాలి కదా. అందుకని శాస్త్రీయ ప్రయోగం: రోజుకు పది పైసలు, అంతే. సంఘం కార్యదర్శి డబ్బా దగ్గర కనిపిస్తే బాగుండదు కనుక బావ చేత కట్టించాను.

“నువ్వా?” అన్నాడు బావ.

“ఇది ఆట గాదు బావా, పరిశోధన.”

“ఔ, నేను గూడ నాలుగు నెలల సంది పరిశోధనే జేస్తున్న.”

అతనితో వాదించి లాభం లేదు.

జూన్ 24

ప్రయోగం ఫలించింది. తొంభై పైసలు. పైసా ముట్టుకోకుండా సంఘం నిధికి జమ చేశాను. జూదగాళ్ల డబ్బుతోనే జూదాన్ని కూలదోయడం! ఇంత న్యాయమైన ఏర్పాటు ఎవరికీ తట్టలేదంటే ఆశ్చర్యం.

తొంభై పైసల నిధితో ఏ సంఘమూ నడవదు. పెంచాలి.

జూలై 1

గోడపత్రిక వేసి వారం దాటింది. కారణాలు: వాన. సిరా. జిగురుకు తెచ్చిన మైదాపిండికి చీమలు. పైగా పరిశోధనకే తీరిక చాలడం లేదు. నాలుగు తర్వాత ఏడు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. ఏడు రానప్పుడు అది ఆలస్యమవుతోందని అర్థం.

ఈమధ్య డబ్బా దగ్గరికి నేనే పోతున్నాను. బావ చేతిలో పెడితే తన అంకె మీద కడుతున్నాడు.

“గోడ మీద ఎందుకు రాస్తలేవు తమ్మీ?” మొగులయ్య నిలదీశాడు. “గిరాకీ సల్లబడ్డది. దీపావళికి గూడ నాకు గంత కమీషన్ రాలె, నువ్వు రాసిన నాలుగు దినాలు వచ్చినంత.”

ఆ మాటకు సిగ్గుపడాలి. పడ్డాను కూడా. తర్వాత ఏడు మీద రూపాయి కట్టాను.

జూలై 8

నిన్న జీతం. అక్కకు ఎప్పుడూ ఇచ్చేదానికన్నా తగ్గించి ఇచ్చి, ఏదో సంఘం చందా కోసుకున్నారన్నాను. అబద్ధం కాదు. సంఘం నాదే.

బావ పాల క్యాన్లు కావడి కట్టుకుని హబ్సిగూడకు నడుస్తున్నాడు. చేరేసరికి అందరి కాఫీలూ అయిపోతున్నాయి. సుశీలమ్మ గారు డెయిరీ సీసాలకు మారారట. ఆమె భర్త జనార్ధనరావు గారు ప్రయోగశాలలో పనిచేస్తారు. మేం మొదట పాల వాడిక పెట్టుకున్నది వాళ్లింటితోనే. వాళ్లను చూసి మరో రెండిళ్లు మారాయి.

రాత్రి అక్క ధాన్యం గుమ్మిలోంచి మూట తీసింది. పిడకలు అమ్మి దాచింది. ముప్పై ఐదు రూపాయలు.

“సేఠ్ దగ్గర సైకిల్ ఇడిపించుకరా. మీ బావ చేతికిస్తే ఏమైతదో తెలుసు గద. నువ్వు సదువుకున్నోనివి.”

రేపే తెస్తానన్నాను.

జూలై 9

ఉప్పల్ బస్సు కోసం నిలబడ్డాను. స్టాండు మొగులయ్య డబ్బా పక్కనే ఉండడం మునిసిపాలిటీ తప్పు.

ఐదు రూపాయలే. వస్తే సైకిల్ విడిపించి, దానికి డైనమో లైటు కూడా పెట్టించవచ్చు. బావ తెల్లవారకముందే బయల్దేరతాడు కదా, లైటు ఉండాలి.

జూలై 10

ఆ ఐదు రాబట్టాలి. లేకపోతే సేఠ్‌కు చాలదు.

జూలై 11

రాయాలని లేదు.

జూలై 14

సేఠ్ కూతురి పెళ్లికి మార్వాడ్ వెళ్లాడని చెప్పాను. అక్క నమ్మింది. “పెండ్లి బాగ జరగనీ, వచ్చినంకనే పో” అంది. తిట్టినా బాగుండేది.

బావ కాలికి బొబ్బలు. దారిలోనే కావడి దింపి, సగం పాలు పోయకుండా వెనక్కి తెచ్చాడు. మధ్యాహ్నానికి విరిగిపోయాయి.

జూలై 15

ఇలా కాదు. పోరాటం మళ్లీ మొదలుపెట్టాలి. పొద్దున్నే కూర్చుని కొత్త గోడపత్రిక రాశాను. శీర్షిక: “మీ ఇంట్లో మట్కా రోగిని గుర్తుపట్టడం ఎలా?” బావను దృష్టిలో పెట్టుకుని రాశాను. అక్క క్యాన్లు తోముతుంటే పక్కన నిలబడి చదివాను.

పిలిస్తే పలకడు. పలికితే కసురుకుంటాడు. సాయంత్రం అంకె వచ్చే వేళకు ఇంట్లో కాలు నిలవదు. గెలిచింది నలుగురికి చెబుతాడు, పోయింది ఎవరికీ చెప్పడు. బస్సు టికెట్లు పారేయడు, అంకెలు కూడుకుంటాడు. ఈ ఒక్కసారి వస్తే మానేస్తానంటాడు. నమ్మి ఇచ్చిన డబ్బుకు కథలు చెబుతాడు.

చివరిది ఎప్పుడు రాశానో గుర్తు లేదు.

అక్క తోమడం ఆపింది.

“మీ బావ బస్సెక్కుతడా? ఆయన నడుస్తనే ఉండె. టికెట్లు నీ అంగీ జేబుల ఉంటయి. ఉతికేది నేనే గద.”

నా చెయ్యి అంగీ జేబు మీదకు పోయింది.

“సేఠ్ బిడ్డ పెండ్లి అయిందా తమ్మీ?”

ముప్పై ఐదూ పోయాయని చెప్పేశాను. మొత్తం. అక్క అరిస్తే ఏం జవాబివ్వాలో మనసులో సిద్ధం చేసుకున్నాను, పెట్టుబడిదారీ విధానం నుంచి మొదలుపెట్టాలని. అక్క అరవలేదు. క్యాన్ బోర్లించి దాని మీద కూర్చుంది.

“ఒక్కడనుకున్న,” అంది. “ఇద్దరాయె.”

జూలై 16

ఒట్టు. ఇక ముట్టను.

జూలై 17

ముట్టాను. రూపాయిన్నర. వర్క్‌షాపులో సిమెంటు బస్తాల లెక్కలో చివరి అంకె ఏది తేలిందో దాని మీదే కట్టాను.

బావ చూశాడు. నన్ను ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఇంటిదాకా పక్కనే నడిచాడు. వాకిట్లో ఆగి అన్నాడు:

“నువ్వు తిడుతుంటే మంచిగుండె రంగా. ఇంట్ల ఒకడన్న తిట్టేటోడు ఉన్నడు, ఎప్పటికన్న మానుత అనుకున్న. ఇప్పుడు నిన్ను జూస్తుంటే భయమైతుంది.”

జూలై 18

సెలవు పెట్టి, ఒక క్యాన్ నేను పట్టుకుని బావతో హబ్సిగూడకు నడిచాను. సుశీలమ్మ గారిని బతిమాలాలని. ఆవిడ లోపల ఉన్నారు. గేటు దగ్గర జనార్ధనరావు గారు దొరికారు.

“అంకెలు చెప్పే స్వామివి నువ్వేనటగా?” అన్నారు. హబ్సిగూడ దాకా పాకింది నా కీర్తి.

బావ దాచుకోకుండా అంతా చెప్పేశాడు. ఆయన నవ్వలేదు.

“బెజవాడలో ఉండగా నేనూ ఆడేవాణ్ణి. పేకాట. మా ఆవిడ నల్లపూసలు తప్ప అన్నీ అయిపోయాయి. ఒట్టు పెట్టుకున్నావా?”

“పెట్టుకున్న సార్.”

“ఎన్నిసార్లు?”

“రెండు.”

“కుర్రాడివి, ఇంకా మొదట్లోనే ఉన్నావు. నేను గుళ్లో పెట్టాను, కొడుకు నెత్తి మీద పెట్టాను. పౌరుషంతో మానేది కాదయ్యా ఇది. నన్నో డాక్టరు ఒడ్డున పడేశాడు. ఇప్పుడు పట్నం దవాఖానాలోనే ఉన్నాడు. శనివారం తీసుకెళ్తాను.”

“పిచ్చి దవాఖానానా?” బావ క్యాన్ ఎత్తుకున్నాడు.

“నేనూ ఆ డాక్టరు దగ్గరికి వెళ్లినవాణ్ణే. నీకు పిచ్చివాడిలా కనిపిస్తున్నానా?” అన్నారు జనార్ధనరావు గారు. బావ క్యాన్ మళ్లీ కింద పెట్టాడు. వస్తానన్నాడు.

జూలై 21, శనివారం

దవాఖానా. కిటికీ దగ్గర చీటీ ఇచ్చారు, మీద పదిహేడు. బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బావ పెదవులు కదిలాయి. నావీ కదిలాయని జనార్ధనరావు గారు తర్వాత చెప్పారు. ఆయన చీటీ లాక్కుని జేబులో పెట్టుకున్నారు.

డాక్టరు చిన్నవాడే, కళ్లద్దాలు. ఓపిగ్గా విన్నాడు. బావ అడిగాడు, “సూదిమందు ఏమన్న ఉందా సారూ?” లేదన్నాడు. నేను అడిగాను, దీనికి మూలం సమాజంలో ఉంది కదా అని. ఉండవచ్చు, ఆ అంకె వచ్చే వేళకు మీరు ఎక్కడ ఉంటారు అన్నాడు.

“డబ్బా కాడ,” అన్నాడు బావ.

“ఆ వేళకు ఒంటరిగా ఉండకండి. డబ్బా దగ్గర జనం ఉంటారు, కానీ అక్కడ మీరు ఒంటరివాళ్లే. మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చోండి. డబ్బు ఇంకొకరి చేతిలో ఉంచండి. తప్పు జరిగితే జరిగిన రోజే చెప్పండి. ఇది మీ గుణం కాదు, జబ్బు. కానీ మందు మీరే వేసుకోవాలి.”

నేను పదేళ్లుగా కరపత్రాలు చదువుతున్నాను. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ రాయలేదు.

జూలై 25

పదిహేడంటే ఒకటీ ఏడూ కలిపి ఎనిమిది. కట్టాను. ఎనిమిది రాలేదు.

ఆ సాయంత్రమే అక్కకు చెప్పాను. చెప్పడానికి గడప దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. “ఇంకేమన్న మిగిలినయా?” అంది. ముప్పై పైసలు మిగిలాయి, ఇచ్చాను. “పో, కుడితి కలుపు” అంది. కలిపాను.

జూలై 30

సాయంత్రాలు మా వాకిట్లో కూర్చుంటున్నాం. బావ, నేను. జనార్ధనరావు గారు వీలైనప్పుడు హబ్సిగూడ నుంచి సైకిల్ మీద వస్తారు. మట్కా మాట ఎత్తకూడదని నియమం. మొదటి రోజు మాట్లాడుకోవడానికి ఇంకేమీ దొరకలేదు. రెండోరోజు బర్రెల గురించి మాట్లాడాం. నాలుగో రోజు బావ చిన్నప్పుడు మా పొలంలో పుచ్చకాయలు ఎలా దొంగిలించాడో చెప్పాడు. పెళ్లయ్యి ఇన్నేళ్లయినా అక్కకు అది తెలియదట. పేడతట్ట పట్టుకుని వెంటపడింది.

ఆ రోజు ఏ అంకె వచ్చిందో ఇంతవరకూ నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. అది కూడా రాసి పెడుతున్నాను.

ఆగస్టు 7

జీతం కవరు విప్పకుండా అక్క చేతికిచ్చాను. ఎవరినీ పంపలేదు, తనే ఉప్పల్ పోయింది. పొద్దుగూకే వేళకు సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది, క్యారియర్ మీద తౌడు బస్తా. ఎదురుపోయిన బావను హ్యాండిల్ ముట్టనియ్యలేదు.

“ఇంటిదాంక నేనే దెస్త. పొద్దుగాల్ల తాళం ఇస్త, మాపటికి మళ్ల నాకియ్యాలె.”

బావ తౌడు బస్తా పట్టుకుని వెనకాల నడిచాడు.

ఆగస్టు 9

సుశీలమ్మ గారు పాలు మళ్లీ పోయించుకుంటున్నారు. మొదట అరలీటరే. చూసి, తర్వాత లీటరు చేస్తారట.

ఆగస్టు 11

తప్పాను. ఎనభై పైసలు. జనార్ధనరావు గారు రాని రోజు, బావ దాణాకు పోయిన రోజు. వాకిట్లో ఒక్కణ్ణే కూర్చున్నాను, కాసేపటికి నాకు తెలియకుండానే రోడ్డు మీదున్నాను. చెప్పాను. అక్క కోప్పడింది. బావ కోప్పడలేదు, పక్కకు జరిగి కూర్చోమన్నాడు.

ముగ్గురం చాలం. ఒకరు రాకపోతే ఇద్దరం, ఇద్దరు రాకపోతే మళ్లీ డబ్బానే. నిన్న బాలనర్సమ్మ కొడుకు మా వాకిలి ముందు అటూ ఇటూ తిరిగాడు. ఏం కావాలన్నాను. “ఏం లేదన్నా, మీరు గిట్ల ఉత్తగనే కూసుంటరా? నేను గూడ కూసోవచ్చా?” అన్నాడు. ఇలాంటి వాళ్లు ఎందరున్నారో. పిలవాలి.

ఆగస్టు 12, ఆదివారం

సంఘం మళ్లీ మొదలు. పాత తీర్మానాలన్నీ రద్దు. నాచారంలో మట్కా ఉంటుందో లేదో నా చేతిలో లేదు. ఈ సాయంత్రం నేను ఆడను. రేపటి సంగతి రేపు సాయంత్రం.

గోడపత్రిక రాశాను. అందరూ చుట్టూ చేరి తప్పులు పట్టారు. సమావేశం ఆరు గంటలకు అని రాయగానే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆరు అని రాస్తే ఆరు మీద కడ్తరు.”

“ఆరున్నర రాస్త.”

“అయితే ఆరు మీద కొందరు, మూడు మీద కొందరు.”

జనార్ధనరావు గారు గడియారం బొమ్మ వేయమన్నారు. ముళ్లు ఏ అంకె మీదున్నాయో చూడరా అన్నాను. అక్క పగ్గం విప్పుతూ అంది:

“బర్లు పిండే యాళ అని రాయి. నాచారంల అది తెల్వనోడు ఎవడు?”

ఎర్ర సిరా వాడలేదు. రాసింది ఇది:

“మట్కా ఆడే అన్నలకు, తమ్ములకు.
మేము మట్కా ఆడేవాళ్లమే. మానాలని ఉంది. ఒక్కొక్కరం విడిగా మానలేకపోతున్నాం. ఇది సిగ్గుపడే సంగతి కాదని, జబ్బని డాక్టరు గారు చెప్పారు. ఆడినవాళ్లు, నిన్న మానేసి ఈరోజు మళ్లీ ఆడినవాళ్లు, ఎవరైనా రావచ్చు. ఉపన్యాసాలు ఉండవు. జేబులో ఉన్నది ఇంట్లోవాళ్ల చేతికిచ్చి, రేపు సాయంత్రం బర్రెలు పిండే వేళకు ఐలమ్మ గారి వాకిట్లోకి రండి. మొగులయ్య దగ్గరికి కబురు వచ్చి, ఆ అంకె పాతబడేదాకా అక్కడే కూర్చుందాం.
ఎంతమందిమి వచ్చామో ఎవరూ లెక్కపెట్టకూడదు.”